లాంగ్ ఆర్మ్ మెషిన్ కొనే ముందు ఒక్కసారి దాని ముందు నిలబడి చూడండి

మీరు అడిగింది ఇదీ. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు, మేడ మీద గేమ్ రూమ్ ఖాళీగా ఉంది. గుడ్డముక్కలు అతికి పొరలుగా కుట్టే దుప్పట్లు, అంటే క్విల్టులు, ఏడాదికి ఆరేడు చేస్తారు, ఎక్కువగా క్వీన్ సైజువి. పైభాగం (టాప్) మీరే అతుకుతారు, పొరలు కలిపి కుట్టే క్విల్టింగ్ మాత్రం బయట చేయిస్తారు, ఒక్కోదానికి 180 డాలర్ల దాకా అవుతోంది. అందుకని లాంగ్ ఆర్మ్, అంటే ఫ్రేము మీద పరిచిన క్విల్టు మీద చేత్తో కదిపి కుట్టే పెద్ద మెషిన్, కొందామనుకుంటున్నారు. డీలర్ దానికి 12 అడుగుల ఫ్రేముతో కలిపి 18,000 డాలర్లు చెప్పాడు, ఇతరులవి కూడా కుట్టిపెడితే రెండేళ్లలో డబ్బు తిరిగొచ్చేస్తుందన్నాడు. మీరు హెచ్‌4 మీద, అంటే హెచ్1బీ భార్య వీసా మీద ఉన్నారు, పని చేయడానికి అనుమతించే ఈఏడీ కార్డు ఉంది. మీవారేమో "నీకిష్టమైతే తీసుకో" అంటున్నారు. తీసుకోవాలా వద్దా? దానికి కంప్యూటర్ కూడా పెట్టించాలా?

నేను హ్యూస్టన్ దగ్గర ఉంటాను, చాలా ఏళ్లుగా లాంగ్ ఆర్మ్ మీద నావీ, ఇతరులవీ కుడుతున్నాను. నా సలహా ఏంటంటే, ఒక మూడు నెలలు ఆగండి. ఈలోపు మీ చేతిలో ఉన్న టాపుల్లో కనీసం నాలుగు, షాపులో మెషిన్ అద్దెకు తీసుకుని మీరే కుట్టండి. అప్పటికీ మనసు అటే లాగితే నిక్షేపంగా కొనండి.

ఎందుకు ఆగమంటున్నానంటే, క్విల్టు చేయడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. గుడ్డలు ఎంచుకుని, రంగులు కలిపి, ముక్కలు కోసి, అతికి టాప్ తయారుచేయడం ఒకటి. ఆ టాప్‌నీ మధ్యలో వేసే మెత్తటి పొర బ్యాటింగ్‌నీ కింది గుడ్డ బ్యాకింగ్‌నీ కలిపి మూడు పొరల మీదా డిజైన్ కుట్టడం రెండోది. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది వస్తుందని లేదు, నచ్చుతుందనీ లేదు. మీరు రాసింది మళ్లీ చదివాను. పోచంపల్లి ముక్కల్ని స్టార్ బ్లాకుల్లో ఎలా సర్దారో, మంగళగిరి నూలు ఇస్త్రీకి ఎంత బాగా ఒదుగుతుందో ముచ్చటగా రాశారు. క్విల్టింగ్ గురించి మాత్రం రాసిందల్లా అందుకయ్యే ఖర్చు, ఆ మనిషి దగ్గర రెండు నెలల వెయిటింగ్. మెషిన్ కొంటే ఆ రెండూ తీరొచ్చు. కానీ దాని ముందు గంటల తరబడి నిలబడాల్సింది మీరు.

ఆ నిలబడటం ఎలా ఉంటుందో చెబుతాను. ఫ్రేముకి పొడవాటి రోలర్లుంటాయి, వాటికి లీడర్లనే మందపాటి గుడ్డ పట్టీలు తగిలించి ఉంటాయి. బ్యాకింగ్ అంచు మధ్య గుర్తునీ లీడర్ మధ్య గుర్తునీ కలిపి, అక్కడి నుంచి రెండు పక్కలకీ పిన్నులు గుచ్చుకుంటూ పోవాలి. రెండో అంచూ అంతే. చుట్టాక బిగువు చూసుకోవాలి. కింద నుంచి వేలితో పైకి నెడితే, పై నుంచి ఆ వేలిని గుడ్డతో సహా పట్టుకోగలగాలి, అంత సడలు ఉండాలి. అంతకన్నా బిగిస్తే ఫ్రేము మీంచి దించాక ముడతలు పడుతుంది. తర్వాత బ్యాటింగ్, దాని మీద టాప్, పై అంచు వంకర పోకుండా బేస్టింగ్ (పట్టి ఉంచే కుట్టు), పక్కలకి క్లాంపులు. అప్పుడు బాబిన్ (కింది దారం కండె) దారం పైకి లాక్కుని కుట్టడం మొదలు. పది, పన్నెండు అంగుళాల వరస అవగానే క్లాంపులు తీసి, చుట్టి, మళ్లీ పెట్టి, కిందటి వరసకి డిజైన్ అతికేలా సరిచూసుకోవాలి. క్వీన్ సైజుకి ఇది తొమ్మిది, పది సార్లు.

కొత్తలో అందరినీ ఏడిపించేది దారం టెన్షన్, అంటే దారం బిగువు. పై నుంచి చూస్తే కుట్టు ముత్యాల్లా ఉంటుంది. వంగి కింద చూస్తే, వంపు తిరిగిన ప్రతిచోటా పై దారం కిందకి దిగి చిన్న చిన్న ఉచ్చులుగా తేలి ఉంటుంది. దీన్ని ఐలాషింగ్ అంటారు. పై దారం వదులుగా ఉండటమో, వంపుల దగ్గర మెషిన్‌ని విసురుగా తిప్పడమో కారణం. ప్రతి కొత్త క్విల్టుకీ పక్కన మిగిలిన బ్యాకింగ్ మీద నాలుగు వంకీలు కుట్టి, ఫోన్ టార్చి వేసి కింద చూసుకున్నాకే అసలుది మొదలుపెట్టాలి. దారం రంగు మార్చినా, బాబిన్ మార్చినా మళ్లీ ఇదే. అంగుళానికి పది పదకొండు కుట్లు పడతాయి కాబట్టి, చూసుకోకుండా ఒక వరస మొత్తం కుట్టేస్తే విప్పడానికి ఒక సాయంత్రం పోతుంది.

ఈ పని కొందరికి ధ్యానంలా ఉంటుంది. నాకు అలాగే ఉంటుంది. పాట పెట్టుకుని ఆ హ్యాండిల్స్ పట్టుకుంటే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. నడుం నొప్పితో, విసుగుతో ఎప్పుడైపోతుందా అని చూసేవాళ్లూ ఉన్నారు, వాళ్లలో నాకన్నా గొప్పగా టాప్ కుట్టేవాళ్లున్నారు. మీరు ఏ కోవలో ఉన్నారో డీలర్ దగ్గర పది నిమిషాలు గీతలు గీస్తే తెలియదు. మీ సొంత టాప్, మొదటి పిన్ను నుంచి చివర అంచు కత్తిరించే దాకా చేస్తేనే తెలుస్తుంది. మీవైపు చాలా క్విల్ట్ షాపులు ఒక చిన్న క్లాసు చేయించి, ఆ తర్వాత గంటకో రోజుకో మెషిన్ అద్దెకిస్తాయి. ఫోన్ చేసి కనుక్కోండి. అద్దె కింద కొన్ని వందలు ఖర్చయినా అది వృథా కాదు.

ఇక డబ్బు లెక్క. ఏడాదికి ఏడు క్విల్టులు, ఒక్కోటి 180 చొప్పున 1,260 డాలర్లు. 18,000 డాలర్లని దీంతో భాగిస్తే పద్నాలుగేళ్లు. కేవలం మీ సొంత క్విల్టుల కోసమే అయితే ఆదా అనే మాట ఇక్కడితో వదిలేయండి. సరదా కోసం కొంటున్నానని ఒప్పుకుని కొంటే అందులో తప్పేమీ లేదు, కారు మీద ఇంతకు రెట్టింపు పెడతాం.

ఇతరులవి కుడితే? ఒకే డిజైన్ అంచు నుంచి అంచు దాకా కుట్టే ఎడ్జ్ టు ఎడ్జ్ పనికి ధర చదరపు అంగుళానికి ఇంత అని ఉంటుంది. రెండు సెంట్లు అనుకుందాం. 90 బై 100 క్వీన్ అంటే 9,000 చదరపు అంగుళాలు, 180 డాలర్లు. దారం, సూదులు, సర్వీసుకి ఇరవై తీసేస్తే 160. ఈ లెక్కన మెషిన్ డబ్బు రావాలంటే నూట పన్నెండు, నూట పదమూడు క్విల్టులు కుట్టాలి. రెండేళ్లలో అంటే వారానికి ఒకటి పైచిలుకు, సెలవుల్లేకుండా. చేయలేనిదేం కాదు. ఒక్కోదానికి ఎక్కించడం, కుట్టడం, దించడం, కస్టమర్‌తో మాట్లాడటం కలిపి ఆరు గంటలు సులువుగా పడుతుంది, చేయి తిరిగేదాకా ఇంకా ఎక్కువ. డీలర్ చెప్పని ముక్క ఏంటంటే, మొదటి ఏడాది వారానికో క్విల్టు ఎవరూ తెచ్చి ఇవ్వరు. నెలల తరబడి కష్టపడి అతికిన టాప్‌ని కొత్త మనిషి చేతిలో పెట్టడానికి ఎవరికైనా గుండె ఒప్పదు. క్విల్టర్ల సంఘం, అంటే గిల్డ్‌లో చేరి, మీ పని నలుగురూ చూశాక, ఒకరు ఇంకొకరికి చెబితే వస్తాయి.

టాక్సు సంగతి క్లుప్తంగా. నిజంగా లాభం కోసం నడిపే వ్యాపారమైతే మెషిన్ ఖరీదుని ఫెడరల్ పన్ను చట్టం సెక్షన్ 179 కింద ఖర్చుగా చూపించుకోవచ్చు, హాబీ అయితే కుదరదు. లాభం మీద మామూలు ఆదాయ పన్ను కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం ఉంటుంది. టెక్సస్‌లో సేల్స్ టాక్స్ పర్మిట్ ఇచ్చేది కంప్ట్రోలర్ ఆఫీసు, మొదటి బిల్లు రాసే ముందే వాళ్లని అడగండి. ఇంట్లో వ్యాపారానికి మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు ఒప్పుతాయో లేదో చూసుకోండి. మామూలు హోమ్ ఇన్సూరెన్సు వ్యాపార సామాను విషయంలో బాగా పరిమితంగా ఉంటుంది కాబట్టి, కస్టమర్ల క్విల్టులు ఇంట్లో ఉన్నప్పుడు ఏదైనా జరిగితే ఏం వస్తుందో ఏజెంటుని అడిగి రాయించుకోండి.

వీసా విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. హెచ్‌4 వాళ్లలో కొందరికి ఈఏడీ ఇవ్వడం 2015లో మొదలైంది. ఆ కార్డు చేతిలో ఉండి, గడువు ఉన్నన్నాళ్లే మీరు డబ్బు తీసుకుని పని చేయగలరు. రెన్యూవల్ ఆలస్యమై మధ్యలో ఖాళీ వస్తే ఆ రోజుల్లో కస్టమర్ పని ఆపేయాలి. "తెలిసినవాళ్లే కదా, క్యాష్ ఇస్తారు" అనే మాటే వద్దు, రేపు గ్రీన్ కార్డు దగ్గర దీనికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీవారు హెచ్1బీ కాబట్టి ఆయన మీ వ్యాపారంలో పని చేయకూడదు, ఆ వీసా ఆయన కంపెనీలో ఉద్యోగానికే. ఏ కొంచెం అనుమానమున్నా ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి అడగండి. ఇదంతా ఎందుకంటే, మెషిన్ మీద నెలవారీ కిస్తీ పెట్టుకుని దాన్ని క్విల్టింగ్ ఆదాయంతో కట్టేద్దామనుకుంటే, కార్డు రాని నాలుగు నెలలూ ఆ కిస్తీ మీవారి జీతంలోంచే పోవాలి. దానికి సిద్ధపడితేనే అప్పు. డీలర్ జీరో వడ్డీ అంటే అది డిఫర్డ్ ఇంటరెస్టా అని అడగండి. అదే అయితే గడువులోగా పూర్తిగా కట్టకపోతే మొదటి రోజు నుంచీ వడ్డీ పడుతుంది.

ఇప్పుడు మీకు తట్టి ఉండని సంగతి ఒకటి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అమ్మ చీరలు, అమ్మమ్మ చీరలు బీరువాల్లో దాచుకుని ఏం చేయాలో తెలియక ఉన్నవాళ్లు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. ఊళ్లో అయితే పాత చీరలతో బొంత కుట్టించుకునేవాళ్లం, ఇక్కడ కుట్టేవాళ్లు లేరు. చీరల క్విల్టు అంటే చాలామంది అమెరికన్ లాంగ్ ఆర్మర్లు వెనకాడతారు, వాళ్లకి ఆ గుడ్డ అలవాటు లేదు. మీకు అలవాటు. ఆ పనిలో విలువంతా చీరని చదవడంలో ఉంటుంది.

పాత పట్టుచీరని మడత దగ్గర రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్నది అక్కడ చీలిపోతుంది. చీలకపోతే ఇస్త్రీ వేడికి అంటుకునే సన్నటి గుడ్డ, ఫ్యూజిబుల్ ఇంటర్‌ఫేసింగ్ వెనక అతికించాకే కోయాలి, లేకపోతే జారి కొలత నిలవదు. పట్టులో ఒకసారి సూది దిగిన చోట కన్నం అలాగే ఉండిపోతుంది, తప్పు కుట్టి విప్పుదామంటే కుదరదు. జరీ సంగతి ఇంకా జాగ్రత్త. లాంగ్ ఆర్మ్ వేగానికి సూది జరీ తీగలకి తగిలి మొద్దుబారుతుంది, దారం పీచులు లేచి తెగుతుంది. నేనైతే జరీ అంచు మీద కుట్టు వేయను, దాని పక్కనుంచి నెమ్మదిగా పోతాను, ఆ క్విల్టు అవగానే సూది మార్చేస్తాను. నేత నూలు చీరలకి 4.0 సైజు సూది లావు, 3.5కి దిగండి. కొత్త కలంకారీ, ముదురు ఎరుపు, నీలం నేత గుడ్డలు రంగు పోతాయి, వదిలిన రంగుని పీల్చే కలర్ క్యాచర్ కాగితం వేసి విడిగా ఉతికి చూడనిదే తెల్ల గుడ్డ పక్కన అతకొద్దు.

"బ్యాకింగ్ కూడా అమ్మ చీరే పెట్టండి" అని అడుగుతారు. లాంగ్ ఆర్మ్‌కి బ్యాకింగ్ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువుండాలి, అంటే 90 బై 100 టాప్‌కి 98 బై 108. అయిదున్నర మీటర్ల చీరని సగానికి కోసి రెండు ముక్కలూ పక్కపక్కన అతికితే పొడవు చాలినట్టే ఉంటుంది, వెడల్పు మాత్రం 98 రాదు. ఒక్క చీర చాలదని ముందే చెప్పాలి. అంచులు బిగుతుగా నేసి ఉంటాయి కాబట్టి అలాగే ఎక్కిస్తే మధ్య భాగం అలలుగా తేలుతుంది, అంచులు కోసేసే అతకాలి. అతుకు రోలర్లకి సమాంతరంగా అడ్డంగా వచ్చేలా చూసుకోండి. నిలువుగా వస్తే చుట్టేకొద్దీ ఒకేచోట గుట్టగా పేరుకుని బిగువు చెడుతుంది.

ఇవన్నీ తెలిసినందుకు కస్టమర్ ఇచ్చే డబ్బులో పెద్ద భాగం టాప్ చేసే పనికే వస్తుంది, క్విల్టింగ్‌కి వచ్చేది చిన్న భాగం. అంటే మీరు లాంగ్ ఆర్మ్ కొనకుండానే చీరల క్విల్టులు ఒప్పుకుని, టాప్ మీరు చేసి, క్విల్టింగ్ ఇప్పుడిస్తున్న ఆవిడకే ఇచ్చి, ఆ 180 కస్టమర్ బిల్లులో వేస్తే, పెట్టుబడి లేకుండా వ్యాపారం మొదలవుతుంది. ఆవిడకి చీరలు ఎలా కుట్టాలో మీరు నేర్పాల్సి వస్తుంది, అంతే. అతకడమే మీకు ఆనందమైతే ఈ దారే మేలని నా నమ్మకం.

అద్దె మెషిన్ మీద కుట్టి, ఆ పనే మీకు ప్రాణమని తేలిందనుకోండి. అప్పుడు చూడాల్సినవి చెబుతాను. 12 అడుగుల ఫ్రేమంటే గది కనీసం 15 అడుగుల పొడవుండాలి. వెడల్పులో ఫ్రేము, ముందు మీరు నిలబడే చోటు, డిజైన్ అచ్చువేసిన పాంటోగ్రాఫ్ కాగితం మీద లేజర్ చుక్కతో గీసేటప్పుడు వెనకవైపు నిలబడే చోటు కలిపి పదడుగులు. నేల మీద నీలం టేపు వేసి, రెండు రోజులు దాని చుట్టూ తిరిగి చూడండి. ఫ్రేము లెవెల్‌గా లేకపోతే మెషిన్ పల్లం వైపు దానంతటదే జారుతుంది, గీతలు వంకర పోతాయి, అందుకని బిగించే మనిషి లెవెల్ పెట్టి చూపించేదాకా వదలొద్దు. గేమ్ రూమ్ మేడ మీద తలుపు లేకుండా ఉంటే తలుపు పెట్టించండి. మన ఇళ్లలో పోపు వాసన బ్యాటింగ్‌కి ఇట్టే పడుతుంది, కస్టమర్ గుడ్డకి అది పట్టకూడదు.

త్రోట్ అంటే సూదికీ మెషిన్ వెనక భాగానికీ మధ్య ఖాళీ. ఎక్కువగా 18 నుంచి 26 అంగుళాల దాకా దొరుకుతాయి. ఎక్కువుంటే మంచిదే అంటారు, కానీ చుట్టిన క్విల్టు కొంత చోటు తినేశాక మిగిలేదాన్ని చేత్తో అందుకోవాలి. మనలాంటి పొట్టివాళ్లం 26 అంగుళాల చివరిదాకా చేతులు చాచి రోజంతా కుడితే భుజాలు పట్టేస్తాయి. 20 చుట్టూ ఉంటే చాలు. ఫ్రేము ఎత్తు మీ మోచేతికి సరిపడా దించగలగాలి. స్టిచ్ రెగ్యులేటర్, అంటే మీరు వేగంగా కదిపినా మెల్లగా కదిపినా కుట్టు పొడుగు ఒకేలా ఉంచే ఏర్పాటు, తప్పనిసరి. మిజోరీ గామిల్, అయోవా ఏపీక్యూఎస్, యూటా హ్యాండీ క్విల్టర్, మన టెక్సస్ ఇన్నోవా, ఇవన్నీ మంచి మెషిన్లే. పేరుని బట్టి కాకుండా రెండు గంటల డ్రైవులో ఎవరి టెక్నీషియన్ ఉన్నాడో దాన్ని బట్టి తీసుకోండి. మందపాటి అతుకుకి తగిలి సూది విరిగితే సూదీ, దారం అందుకునే హుక్కూ కలిసే సమయం (హుక్ టైమింగ్) తప్పుతుంది, కుట్లు దాటేస్తుంది. దాన్ని మీరే సరిచేసుకునేలా నేర్పే డీలర్ దొరికితే వదలకండి.

అన్నీ ఒకేచోట ముట్టుకుని చూడాలంటే ప్రతి ఏటా శరదృతువులో హ్యూస్టన్‌లో జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగే ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్‌కి రండి, మీకు నాలుగు గంటల డ్రైవు. షో కోసం తెచ్చిన, క్లాసుల్లో ఆ కొద్ది రోజులే వాడిన మెషిన్లని తగ్గింపు ధరకి అమ్మేస్తుంటారు. సెకండ్ హ్యాండ్ చూస్తే, డిస్‌ప్లేలో మొత్తం కుట్ల లెక్క చూపించమనండి, పట్టాల మీద చక్రాలు గరగరలాడకుండా జారుతున్నాయో లేదో చేత్తో చూడండి, మీ సొంత మూడు పొరల ముక్క తీసుకెళ్లి కుట్టి కింద వైపు చూడండి. వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందో లేదో కంపెనీకే ఫోన్ చేసి కనుక్కోండి, అమ్మేవాళ్ల మాట చాలదు.

ఇంకా ఒక మధ్య దారి ఉంది. కూర్చుని కుట్టే లాంగ్ ఆర్మ్‌లు, 16 అంగుళాల త్రోట్‌వి, ఒక టేబుల్ అంత చోటులో పడతాయి, ఫ్రేము వాటికన్నా బాగా తక్కువలో వస్తాయి. మామూలు కుట్టుమెషిన్ మీద గుడ్డని చేత్తో తిప్పుతూ కుట్టే ఫ్రీ మోషన్ చేసి, చోటు చాలక విసిగినవాళ్లకి ఇవి బాగా నప్పుతాయి. మూడు పొరలూ ముందుగా బేస్ట్ చేసుకోవాలి, అదొక్కటే బాధ. మీరు క్వీన్ సైజులు ఎక్కువ చేస్తారు కాబట్టి మీకు ఇది రెండో ఎంపికే.

చివరగా మీరడిగిన కంప్యూటర్ సంగతి. ప్రో స్టిచర్, స్టాట్లర్ లాంటివి తగిలిస్తే మెషిన్ దానంతటదే డిజైన్ కుడుతుంది, దానికి ఇంకా కొన్ని వేలు. వారానికి రెండు మూడు కస్టమర్ క్విల్టులు వచ్చే స్థితికి వచ్చాక అది పెట్టించుకోండి, చాలా మెషిన్లకి తర్వాత కూడా తగిలించొచ్చు. కొనేటప్పుడే "తర్వాత పెట్టించుకోవచ్చా, ఎంతవుతుంది" అని కాగితం మీద రాయించుకుంటే సరిపోతుంది. చేయి కుదరడానికి ఈలోపు సైనికులకి, మాజీ సైనికులకి క్విల్టులిచ్చే క్విల్ట్స్ ఆఫ్ వ్యాలర్ లాంటి సేవాసంస్థలకి డబ్బు తీసుకోకుండా టాపులు క్విల్ట్ చేసి ఇవ్వొచ్చు, వాళ్లకి స్వచ్ఛందంగా కుట్టే లాంగ్ ఆర్మర్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. అద్దె మెషిన్ మీద మొదటి క్విల్టు అయ్యాక కింద వైపు ఫోటో పెట్టండి, టెన్షన్ ఎలా ఉందో చూసి చెబుతాను.